బీఎడ్ ఇంటర్న్‌షిప్ చివరి నాలుగు వారాలు: క్లాసును, రికార్డులను గాడి తప్పకుండా ముగించడం ఎలా?

ఇంటర్న్‌షిప్ మొదలుపెట్టడం ఎలాగో కాలేజీ వాళ్లు చెబుతారు. ముగించడం గురించి పెద్దగా ఎవరూ చెప్పరు. దాంతో ఆఖరి వారంలో అన్నీ ఒకేసారి మీద పడతాయి: ఫైనల్ లెసన్ (పరీక్షకుల ముందు చెప్పే పాఠం), మార్కుల విశ్లేషణ, హెచ్‌ఎం సంతకం, పైగా "సార్, మీరు పోతరట గదా, ఇగ హోంవర్క్ ఎందుకు సార్?" అనే ఎనిమిదో తరగతి.

హైదరాబాద్ హైస్కూళ్లలో 6 నుంచి 9 తరగతులకు పాఠాలు చెబుతున్న ఛాత్రోపాధ్యాయుల కోసం ఈ వరస రాశాం. ఫార్మాట్లు, మార్కుల కేటాయింపు ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి మీ కాలేజీ ఇచ్చిన హ్యాండ్‌బుక్ పక్కన పెట్టుకుని చదవండి.

1. ముందు హాజరు లెక్క తేల్చుకోండి

2014 ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఎడ్‌లో స్కూలు అనుభవం మొత్తం 20 వారాలు: మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. మిగతా కోర్సుకు 80 శాతం హాజరు చాలు, ఇంటర్న్‌షిప్‌కు మాత్రం 90 శాతం కావాలి. ఈ తేడా గమనించక చాలామంది చివర్లో చిక్కుకుంటారు.

లెక్క ఇలా వేయాలి. 16 వారాలు, వారానికి ఆరు రోజులు అనుకుంటే 96. అందులోంచి బోనాలు, వినాయక నిమజ్జనం, బతుకమ్మ, దసరా లాంటి సెలవులు, వానలకు కలెక్టర్ ప్రకటించిన సెలవులు తీసేయండి. స్కూలు నిజంగా నడిచింది 84 రోజులే అనుకుందాం. అందులో 90 శాతం 75.6, అంటే 76 రోజులు మీరు వెళ్లి ఉండాలి. ఎనిమిది రోజులకు మించి పోగొట్టుకునే వీలు లేదు.

నాలుగు వారాల ముందే స్కూల్లో మీ పేరున్న రిజిస్టర్ అడిగి చూడండి. సాధారణంగా దొరికే లోపాలు రెండు. కాలేజీ వాళ్లు సెమినార్‌కు పిలిచిన రోజు రిజిస్టర్‌లో ఖాళీగా ఉంటుంది. దానికి కాలేజీ లెటర్ తెచ్చి 'ఓడీ' (ఆన్ డ్యూటీ) వేయించుకోవాలి. ఇక ఆలస్యంగా వచ్చి సంతకం మరిచిపోయిన రోజులు. ఇవి వెంటనే చెబితే హెచ్‌ఎం సరిచేయవచ్చు, రెండు నెలల తర్వాత ఏ హెచ్‌ఎమ్మూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

2. వెనక నుంచి ముందుకు క్యాలెండర్ వేయండి

ఆఖరి పనిదినం దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కించండి.

- చివరి నుంచి నాలుగో వారం: హాజరు సరిచూడటం, మిగిలిన పీరియడ్ ప్లాన్ల లెక్క, ఫైనల్ లెసన్ అంశం ఎంపిక.
- చివరి నుంచి మూడో వారం: స్కాలస్టిక్ అచీవ్‌మెంట్ టెస్ట్ (మీరు చెప్పిన పాఠాలపై మీరే పెట్టే పరీక్ష) పెట్టడం, పేపర్లు దిద్దడం.
- చివరి నుంచి రెండో వారం: టెస్టులో తేలిన లోపాలపై మళ్లీ పాఠం, ఫైనల్ లెసన్, పిల్లలకు వెళ్లే తేదీ చెప్పడం.
- ఆఖరి వారం: క్లాసును గైడ్ టీచర్‌కు (ఆ సబ్జెక్టు అసలు టీచర్‌కు) అప్పగించడం, సంతకాలు, సర్టిఫికెట్.

ఆఖరి వారంలో కొత్త యూనిట్ మొదలుపెట్టొద్దు. సగం చెప్పిన పాఠాన్ని గైడ్ టీచర్ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాల్సి వస్తుంది. మీ రికార్డులో మరో ప్లాన్ చేరుతుందేమో గానీ, పిల్లలకు రెండు పీరియడ్లు దండగ.

ఈ క్యాలెండర్ గైడ్ టీచర్‌కు చూపించి, స్కూలు పెట్టే ఎఫ్‌ఏ (ఫార్మేటివ్), ఎస్‌ఏ (సమ్మేటివ్) పరీక్షల తేదీలతో సరిపోతుందో లేదో అడగండి. ఎస్‌ఏ వారంలో ఫైనల్ లెసన్ పెట్టుకున్నవాళ్లకు క్లాసే దొరకదు.

3. ఫైనల్ లెసన్: చిన్న అంశం, తెలిసిన సామగ్రి

పరీక్షకులు చూస్తున్నారు కదా అని యూనిట్ మొత్తం ఒకే పీరియడ్‌లో కుక్కడం మొదటి పొరపాటు. 45 నిమిషాల పీరియడ్‌లో హాజరు, కదలికలు పోను చేతికొచ్చేది 38 నిమిషాలే. ఒక్క భావన చాలు.

రెండో పొరపాటు అదే సెక్షన్‌లో ముందురోజు రిహార్సల్ చేయడం. పదమూడేళ్ల పిల్లలు నటించలేరు, ప్రశ్న పూర్తి కాకముందే జవాబు అరుస్తారు. వెనక కూర్చున్నవారికి నిమిషంలో అర్థమైపోతుంది. ట్రయల్ వేయాలనుకుంటే 8-బీలో వేసి, ఫైనల్ 8-ఏలో చెప్పండి.

ఎనిమిదో తరగతి భౌతిక రసాయన శాస్త్రంలో 'ఘర్షణ' తీసుకుని చూద్దాం. అంశం ఒక్కటే: ఉపరితలం మారితే ఘర్షణ మారుతుంది.

కావలసినవి (40 మందికి, 8 మంది చొప్పున 5 గ్రూపులు):

- 10 న్యూటన్ల స్ప్రింగ్ త్రాసులు 5 (ల్యాబ్‌లో రెండే ఉంటే గ్రూపులు తగ్గించకండి, వంతులవారీగా ఇవ్వండి)
- కొక్కెం ఉన్న చెక్క దిమ్మెలు 5, ఒక్కోదానిపై పెట్టడానికి అర కిలో తూకం
- గరుకు సాండ్ పేపర్ 5 షీట్లు, అంచులకు టేపు
- పాలిథిన్ షీట్లు 5

తూకం ఎందుకంటే, ఉత్త దిమ్మె తేలికగా ఉంటుంది. స్కేలు మీద ముల్లు ఒకటి రెండు గీతలే కదిలి మూడు ఉపరితలాలకూ (బల్ల, సాండ్ పేపర్, పాలిథిన్) ఒకే రీడింగ్ వచ్చినట్టు కనిపిస్తుంది. అప్పుడు పాఠం ఎదురుతిరుగుతుంది.

నిమిషాల వారీగా:

- 0–5: చెప్పులు జారే చోటు గురించి రెండు ప్రశ్నలు. ఏ ఉపరితలం మీద లాగడం కష్టమో ముందే ఊహించి నోట్‌బుక్‌లో రాయించడం.
- 5–20: ప్రయోగం. ఒక్కో ఉపరితలానికి మూడు రీడింగులు, సగటు.
- 20–30: ఐదు గ్రూపుల విలువలు బోర్డు మీద పట్టికలో. ఊహ ఎక్కడ తప్పిందో పిల్లలతోనే చెప్పించడం.
- 30–36: మూల్యాంకనం, నాలుగు ప్రశ్నలు.
- 36–38: ఇంటిపని.

ఈ ప్రయోగంలో తప్పేవి మూడు. త్రాసును నిలువుగా పట్టుకుని సున్నా చూసి, తర్వాత బల్లపై పడుకోబెట్టి లాగుతారు. పడుకోబెట్టినప్పుడు ముల్లు సున్నా దగ్గర ఉండకపోవచ్చు. కాబట్టి పడుకోబెట్టే సున్నా చూడాలి. దారాన్ని పైకెత్తి లాగితే బల్లపై దిమ్మె ఒత్తిడి తగ్గి రీడింగ్ తప్పుతుంది. దారం బల్లకు సమాంతరంగా ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువ గొడవ తెచ్చేది మూడోది. దిమ్మె కదలబోయే ముందు రీడింగ్ ఎక్కువగా ఉంటుంది, కదిలాక తగ్గుతుంది. ఒక పిల్లవాడు మొదటిది చదువుతాడు, పక్కవాడు రెండోది. "మాది కరెక్ట్ సార్" అని ఇద్దరూ నిలబడతారు. నిజానికి ఇద్దరిదీ కరెక్టే: ఒకటి స్థైతిక ఘర్షణ, ఇంకొకటి కదులుతున్నప్పటి ఘర్షణ. ముందే ఒక మాట చెప్పాలి: "కదిలాక, ఒకే వేగంతో లాగుతున్నప్పటి రీడింగే రాయండి." ఆ గొడవ వచ్చినా భయపడకండి. దాన్ని బోర్డు మీదకు తెచ్చి మాట్లాడించిన ఛాత్రోపాధ్యాయుడికి మార్కులు తగ్గడం అరుదు.

గ్రూపుల గురించి ఒక మాట. ఈ వయసులో ఆడపిల్లలనూ మగపిల్లలనూ ఒక్కొక్కరిని విడదీసి కలిపితే ఇద్దరూ నోరు విప్పరు. ఒక్కో గ్రూపులో కనీసం ఇద్దరు స్నేహితులు ఉండేలా చూడండి. లాగేవారు, చదివేవారు, రాసేవారు ఎవరో పేర్లతో చెప్పండి. లేకపోతే త్రాసు ఒక్కడి చేతిలోనే ఉండిపోతుంది.

ప్రభుత్వ స్కూళ్లలో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియంతో పాటు ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. నగరంలోని క్లాసుల్లో ఇంట్లో ఉర్దూ, హిందీ మాట్లాడే పిల్లలు కూడా ఉంటారు. కీలక పదాన్ని బోర్డు మూలన 'ఘర్షణ – ఫ్రిక్షన్ – రగడ్' అని మూడు రకాలుగా రాసి ఉంచితే అర నిమిషం ఖర్చు, పీరియడ్ మొత్తం లాభం.

మీ పాఠం చూడటానికి కాలేజీ నుంచి వచ్చే సూపర్‌వైజర్ నగరం ఆ చివర నుంచి వస్తుంటే మొదటి పీరియడ్ అడగకండి. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మీ పాఠం సగం అయ్యాక వస్తారు. రెండో లేదా మూడో పీరియడ్ మేలు. ఆ రోజు మీకు అడ్జస్ట్‌మెంట్ పీరియడ్లు (రాని టీచర్ల బదులు వెళ్లే క్లాసులు) వేయొద్దని ముందురోజే టైంటేబుల్ చూసే టీచర్‌కు చెప్పండి.

4. అచీవ్‌మెంట్ టెస్ట్: మళ్లీ చెప్పడానికి సమయం మిగలాలి

ఈ టెస్టును ఆఖరి వారంలో పెట్టి, మార్కులు రికార్డులో ఎక్కించి చేతులు దులుపుకోవడం మామూలే. అలా చేస్తే టెస్టు వల్ల పిల్లలకు ఒరిగేది ఏమీ లేదు.

- బ్లూప్రింట్‌లో (ఏ అంశానికి ఎన్ని మార్కులో చూపే పట్టిక) అడ్డ వరసల మొత్తం, నిలువు వరసల మొత్తం రెండూ 25 రావాలి (25 మార్కుల పేపర్ అయితే). ప్రశ్నపత్రం టైపు చేయించాక మార్కులు మళ్లీ కూడండి.
- క్లాసులో 41 మంది ఉన్నా ఆ రోజు 38 మందే రాస్తే, లెక్కలన్నిటిలో సంఖ్య 38. పౌనఃపున్యాల (ఏ మార్కుల పరిధిలో ఎంతమంది అన్న లెక్క) మొత్తం కూడా 38 రావాలి. సగటు, ప్రామాణిక విచలనం తప్పడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే.
- ప్రశ్నల వారీగా ఎంతమంది సరిగ్గా రాశారో లెక్క తీయండి. 38 మందిలో 9 మందే రాసిన ప్రశ్న ఉంటే ముందు ప్రశ్న అర్థమయ్యేలా ఉందో లేదో చూడండి. ప్రశ్న బాగానే ఉంటే లోపం మీ పాఠంలో ఉంది, దానికి ఒక పీరియడ్ కేటాయించండి.
- బాగా రాసినవి రెండు, మధ్యస్థం రెండు, వెనకబడినవి రెండు జవాబు పత్రాలు జెరాక్స్ తీసి, పేర్లు కనపడకుండా చేసి రికార్డుకు జతచేయండి. అసలు పేపర్లు పిల్లలకు ఇచ్చేయాలి.

స్కూలు ఎఫ్‌ఏ మార్కులకు, మీ టెస్టుకు సంబంధం లేదు. ఎఫ్‌ఏకు వేరే లెక్క ఉంది: పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. గైడ్ టీచర్ సాయం అడిగితే కూడికలు చేసిపెట్టండి, కానీ పెన్సిల్‌తో. రిజిస్టర్‌లో సిరాతో ఎక్కించాల్సింది వారే.

5. కేస్ స్టడీ, యాక్షన్ రీసెర్చ్

యాక్షన్ రీసెర్చ్ అంటే క్లాసులోని ఒక సమస్యకు పరిష్కారం ప్రయత్నించి ఫలితం చూడటం. దానికి ప్రయత్నానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి, రెండు కొలతలు కావాలి. మొదటి కొలత తీయకుండా నివేదిక రాయడానికి కూర్చుంటే అంకెలు కల్పించాల్సి వస్తుంది. అలాంటి స్థితిలో ఉంటే చిన్న సమస్య ఎంచుకుని (హోంవర్క్ తేని ఆరుగురు, రెండు వారాలు) ఇప్పుడే మొదలుపెట్టండి. నాలుగు వారాలు దానికి సరిపోతాయి.

కేస్ స్టడీలో (ఒక విద్యార్థి సమస్యను దగ్గరగా గమనించి రాసే నివేదిక) విద్యార్థి పేరు రాయొద్దు, 'విద్యార్థి ఎ' చాలు. సమస్యకు సంబంధం లేని ఇంటి గొడవలు, కులం, జబ్బుల వివరాలు అక్కర్లేదు. ఆ రికార్డు కాలేజీలో ఎంతమంది చేతులు మారుతుందో ఊహించుకోండి.

మాట్లాడుతున్నప్పుడు పిల్ల గానీ పిల్లవాడు గానీ లైంగిక వేధింపు గురించి చెబితే "ఎవరికీ చెప్పను" అని మాటివ్వొద్దు. అది రికార్డులో రాసుకునే విషయం కాదు. అదే రోజు హెచ్‌ఎంకు చెప్పాలి. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఉంది. వచ్చే వారం మీరు వెళ్లిపోతున్నారన్న కారణంతో ఒక్కరోజు కూడా ఆగకూడదు.

6. పిల్లలకు ఎప్పుడు, ఎలా చెప్పాలి

రికార్డుల కన్నా తేడా వచ్చేది ఇక్కడే. చెప్పకుండా మాయమైతే పిల్లలు మోసపోయినట్టు భావిస్తారు. నెల ముందే చెబితే ఆ నెలంతా క్లాసు చేజారుతుంది. వెళ్లడానికి పది పనిదినాల ముందు చెప్పడం సరైన సమయం, అదీ ఫైనల్ లెసన్ అయ్యాక.

చెప్పే పద్ధతి: పీరియడ్ చివరి ఐదు నిమిషాల్లో, తేదీతో సహా, మామూలు గొంతుతో. "వచ్చే శనివారం మా ట్రైనింగ్ అయిపోతుంది. ఆ వారం బుధవారం నుంచే మీ మేడం సైన్స్ చెబుతారు. అప్పటిదాకా నోట్స్, హోంవర్క్ మామూలే." ఇంతే. "మళ్లీ వస్తా", "మిమ్మల్ని ఎప్పటికీ మర్చిపోను" లాంటి మాటలు వద్దు. మీరు రాకపోతే ఆ మాటను గుర్తుపెట్టుకునేది వాళ్లే.

ఆ తర్వాత ఎదురయ్యేవి:

"ఇగ హోంవర్క్ ఎందుకు?" హోంవర్క్ దిద్దేది గైడ్ టీచర్ అని చెప్పి, మరుసటి రోజే ఆమెతో నాలుగు నోట్‌బుక్‌లు దిద్దించండి. మాటతో ఒప్పించాలని చూడకండి, ఆ చర్చకు అంతుండదు.

వెనక బెంచీ అల్లరి ఎక్కువవుతుంది. బాధ పడుతున్న పిల్లలు కూడా ఈ వయసులో దాన్ని అల్లరిగానే చూపిస్తారు. క్లాసు ముందు తిడితే స్నేహితుల దగ్గర పరువు కోసం ఎదురు మాట్లాడతారు. పాఠం ఆపకుండా బెంచీ దగ్గరికి వెళ్లి, తక్కువ గొంతుతో పేరు పెట్టి పిలిచి ఒక పని అప్పగించండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధిస్తుంది. 'ఊరికే గుంజీలు' కూడా అందులోకే వస్తాయి.

కానుకలు. పాకెట్ మనీ కూడబెట్టి పెన్నులు, కీచైన్లు కొంటారు. కొనలేని పిల్లలు ఆ రోజు బడికే రారు. తేదీ చెప్పిన రోజే "ఎవరూ ఏమీ కొనొద్దు, రాయాలనుకుంటే ఒక కాగితం మీద రాయండి" అని స్పష్టంగా చెప్పండి.

స్లామ్ బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఫోన్ నంబర్. స్లామ్ బుక్‌లో పేరు, ఒక మంచి మాట రాయవచ్చు. నంబర్ గడి ఖాళీగా వదలండి. పిల్లల నుంచి వచ్చే ఫాలో రిక్వెస్టులు అంగీకరించొద్దు. "స్కూల్ రూల్ అమ్మా" అంటే చాలు, ఎవరికీ నొప్పి తగలదు.

ఫొటోలు. హెచ్‌ఎం అనుమతితో రికార్డు కోసం వెనక నుంచి తీసినవి ఉంచుకోండి. పిల్లల ముఖాలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు.

ఆఖరి పీరియడ్‌లో ఏం చేయాలని చాలామంది అడుగుతారు. పాఠం చెప్పండి. ముప్పై నిమిషాలు పునశ్చరణ, ఆపైన ప్రతి ఒక్కరూ చీటీ మీద రెండు వాక్యాలు: అర్థమైనది ఒకటి, ఇంకా అర్థం కానిది ఒకటి. పేరు రాయనక్కర్లేదు. ఆ చీటీలు అప్పగింత నోట్‌కు పనికొస్తాయి.

7. క్లాసును గైడ్ టీచర్‌కు తిరిగి అప్పగించడం

ఆఖరి వారం ఒక్కసారిగా వదిలేయకుండా దింపుకుంటూ రండి. మొదటి రెండు రోజులు మీరు చెబుతుంటే మేడం వెనక ఉంటారు. తర్వాతి రెండు రోజులు మేడం చెబుతారు, మీరు వెనకబడినవాళ్ల పక్కన కూర్చుంటారు. ఆ తర్వాత నోట్‌బుక్‌లు, రికార్డులు. ఇందుకు గైడ్ టీచర్‌ను ముందే అడగాలి: "మేడం, బుధవారం నుంచి 8-ఏ మీరు తీసుకుంటారా? నేను వెనక ఉండి స్లో లెర్నర్స్‌ను చూసుకుంటాను."

అప్పగింత నోట్ ఒక్క పేజీ దాటొద్దు. నమూనా:

"8-ఏ, భౌతిక రసాయన శాస్త్రం. ఘర్షణ పూర్తయింది, అభ్యాసంలో చివరి రెండు ప్రశ్నలు మిగిలాయి. నోట్స్ దిద్దినవి 36, తేనివారు 5 (రోల్ నంబర్లు జతచేశాను). టెస్టులో స్థైతిక, జారుడు ఘర్షణల తేడా ఎక్కువమందికి రాలేదు, ఒక పీరియడ్ మళ్లీ చెప్పాను, ఏడుగురికి ఇంకా సందేహం ఉంది. ల్యాబ్ నుంచి తీసుకున్న త్రాసులు 5 తిరిగి ఇచ్చాను."

8. సంతకాలు, సర్టిఫికెట్, బైండింగ్

సంతకాలు ఒకేసారి పెట్టించుకుందామని నలభై ప్లాన్లు దాచిపెట్టకండి. గైడ్ టీచర్ చదవకుండా పెడతారు, లేదా విసుక్కుంటారు, రెండూ మీకు నష్టమే. ప్రతి శనివారం ఆ వారానివి పెట్టించుకోవాలి. ఇప్పటికే పేరుకుపోతే రోజుకు ఎనిమిది చొప్పున ఇవ్వండి.

రికార్డు దిద్దేవారు ముందు చూసేది తేదీలు. ఆదివారమో బోనాల సెలవు రోజో పాఠం చెప్పినట్టు ప్లాన్ మీద ఉంటే రికార్డు మొత్తం మీద నమ్మకం పోతుంది. హాజరు రిజిస్టర్ పక్కన పెట్టుకుని ఒక్కో తేదీ సరిచూడండి.

సర్టిఫికెట్‌లో ఉండాల్సినవి:

- హాల్ టికెట్‌పై ఉన్నట్టే మీ పేరు, నంబరు
- స్కూలు పేరు, 11 అంకెల యూడైస్ కోడ్ (స్కూలు గుర్తింపు సంఖ్య, తెలంగాణలో 36తో మొదలవుతుంది)
- ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, మొత్తం పనిదినాలు, హాజరైన రోజులు
- బోధించిన తరగతులు, మెథడాలజీ సబ్జెక్టులు
- హెచ్‌ఎం సంతకం, పేరు ముద్ర, గుండ్రటి స్కూలు ముద్ర, తేదీ

డ్రాఫ్టు మీరే టైపు చేసి వారం ముందు ఆఫీసులో చూపించండి. సంతకం ఆఖరి రోజే. హెచ్‌ఎం ఆ రోజు మీటింగుకో ఎన్నికల డ్యూటీకో వెళ్లే అవకాశం ఉందేమో, ఉంటే ఇన్‌ఛార్జి ఎవరో ముందే అడిగి తెలుసుకోండి. ఒరిజినల్స్ రెండు తీసుకోండి, ఒకటి కాలేజీకి, ఒకటి మీకు.

బైండింగ్ సంతకాలన్నీ అయ్యాకే. స్పైరల్ వేసే కాగితాలకు ఎడమవైపు 4 సెంటీమీటర్లు వదలాలి, లేకపోతే రంధ్రాలు అక్షరాల మీద పడతాయి. సబ్మిషన్ వారంలో కోఠి జెరాక్స్ షాపుల్లో జనం కిటకిటలాడతారు, రెండు రోజులు ముందు వెళ్లండి.

9. ఆఖరి రోజు, గేటు దాటే ముందు

- లైబ్రరీ పుస్తకాలు, ల్యాబ్ సామగ్రి, బీరువా తాళం తిరిగి ఇచ్చారా
- పిల్లల నోట్‌బుక్‌లు మీ సంచిలో ఏమీ మిగల్లేదా
- అప్పగింత నోట్ గైడ్ టీచర్ చేతికి ఇచ్చారా
- హాజరు రిజిస్టర్ ఆఖరి పేజీ జెరాక్స్ తీసుకున్నారా
- సర్టిఫికెట్‌లో పేరు, తేదీలు, ముద్రలు అక్కడే నిలబడి చదివారా
- చార్టులు, మోడళ్లలో స్కూలుకు పనికొచ్చేవి వదిలి, మూల్యాంకనానికి కావలసినవి మాత్రం తీసుకున్నారా
- స్కూలు వాట్సాప్ గ్రూపు నుంచి బయటికి వచ్చే ముందు గైడ్ టీచర్‌కు చెప్పారా

వంటమ్మ, అటెండర్, వాచ్‌మన్ దగ్గరికి కూడా వెళ్లి చెప్పి రండి. సర్టిఫికెట్‌లో ముద్ర సరిగ్గా పడలేదని మళ్లీ వెళ్లాల్సి వస్తే, మీకు గేటు తీసేది వాళ్లే.